దిగినానన్న గొంతు

పోయిన వారం వనజాక్షిని నల్లరాళ్ళపల్లి సబ్‌స్టేషన్ గేటు ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. లోపలికి పోవాలా, వచ్చిన దారినే కదిరి బస్సెక్కి ఇంటికి పోవాలా అని గేటు కమ్మీ పట్టుకుని ఆలోచిస్తోంది. జరిగిన సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళు కూడా వినండి.

సుంకప్ప అని ఒక లైన్‌మన్ ఉండేవాడు. ఇక్కడి విద్యుత్ కార్మికుల యూనియన్ బ్రాంచికి నోరంటే అతనే. గుట్టకు అవతల, గాలిమరల నడుమ ఒక పల్లంలో స్తంభమెక్కి పని చేస్తూ, కరెంటు కొట్టి పైనే ప్రాణం విడిచాడు. ఆ వేళ ఆ లైనుకు కరెంటు ఇచ్చింది షిఫ్టు ఆపరేటర్ వనజాక్షి.

ఊరికే ఇవ్వలేదు. స్తంభమెక్కే ముందు లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కు చెప్పి కరెంటు ఆపించుకోవాలి. దాన్నే వాళ్ళు లైన్ క్లియర్ అంటారు. తీసుకున్నవాడే కిందికి దిగి, తన నోటితో ‘దిగినాను’ అని చెబితేనే ఆపరేటర్ తిరిగి కరెంటు ఇవ్వాలి. ఇంకెవరు చెప్పినా చెల్లదు. గుట్ట అవతల సెల్‌ఫోన్ సిగ్నల్ అందదు కాబట్టి ఈ మాటలన్నీ వైర్‌లెస్ సెట్టు మీదే నడుస్తాయి. ఆ సెట్టులోనే సుంకప్ప గొంతు ‘దిగినాను, లైన్ ఇచ్చుకో వనజమ్మా’ అంది. ఆమె ఇచ్చింది. అప్పటికి సుంకప్ప ఇంకా స్తంభం మీదే ఉన్నాడు. అతని సెట్టు కింద పనిముట్ల సంచిలో ఉంది.

“పైనుండే మనిషి కిందుండే సెట్టులో ఎట్ల మాట్లాడతాడమ్మా?” అని అడిగాడు విచారణకు వచ్చిన ఆఫీసరు. విన్నదే మళ్ళీ చెప్పింది వనజాక్షి. ఆమెను సస్పెండ్ చేశారు. సుంకప్ప సెట్టును మూట కట్టి తీసుకుపోయి ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఈ సాయంత్రం బ్రాంచి సర్వసభ్య సమావేశం. వనజాక్షి పక్కన యూనియన్ నిలబడాలా వద్దా అన్నది అక్కడ తేలుతుంది. నిలబడకపోతే ఉద్యోగం పోతుంది, కేసు మిగులుతుంది. అయితే ఆమెను తినేస్తున్నది ఆ భయం కాదు. ఆ గొంతు తను నిజంగా విందా, వినకుండానే ఒక మనిషిని చంపేసిందా అన్నది ఆమెకే తెలియడం లేదు. అన్నం ముందు కూర్చున్నా, కళ్ళు మూసుకున్నా అదే. వినుంటే చాలు, జైలుకైనా పోతానని తల్లి దగ్గర ఏడ్చింది.

సరే, చివరికి వనజాక్షి గేటు తోసుకుని లోపలికి వచ్చింది. రాక తప్పదు. ఎందుకంటే ఈ పొద్దు సుంకప్పను దించే రోజు.

ఇది ఏ రూల్సు పుస్తకంలోనూ ఉండదు, ఈ బ్రాంచివాళ్ళు పెట్టుకున్న ఆచారం. లైన్ క్లియర్ తీసుకున్నవాడు స్తంభం మీదే పోతే, ఆ లైన్ క్లియర్‌ను తిరిగి ఇచ్చేవాడే లేడు కదా. డిపార్ట్‌మెంట్ మర్నాడే కరెంటు ఇచ్చేసుకుంటుంది, దానికేం. బ్రాంచివాళ్ళ లెక్కలో మాత్రం ఆ మనిషి ఇంకా పైనే ఉన్నాడు. అందుకని దినాలు అయిపోయాక ఒక మధ్యాహ్నం ఆ లైను మళ్ళీ ఆపిస్తారు. ఒకడు స్తంభమెక్కి, పోయినవాడి కటింగ్ ప్లేయరును, అంటే తీగలు కత్తిరించే పట్టకారును, తాడు కట్టి నెమ్మదిగా కిందికి వదులుతాడు. బ్రాంచి ప్రెసిడెంటు పోయినవాణ్ణి పేరు పెట్టి పిలుస్తాడు, ప్లేయరు నేలకు తగలగానే ‘దిగినాడు’ అని సెట్టులో చెబుతాడు. ఎక్కినవాడు కూడా దిగిపోయాక కరెంటు ఇస్తారు. ఆ సేపూ స్తంభం కింద ఎవరూ నిలబడరు. దిగేవాడికి దారి వదలాలి. ఇక సబ్‌స్టేషన్‌లో కూర్చునే మనిషి, ఆ నాడు లైన్ క్లియర్ ఇచ్చిన ఆపరేటరే అయి ఉండాలి.

సస్పెండైన మనిషిని కంట్రోల్ రూములోకి రానివ్వడం తప్పే. ఇంజనీరు ఆ పూట జీపెక్కి తాడిపత్రి వైపు ఏదో పని ఉందని పోయాడు. డ్యూటీలో ఉన్న ఆపరేటర్ ఆమెను చూడగానే కుర్చీలోంచి లేచి, మాట్లాడకుండా బయట వేపచెట్టు నీడకు పోయి బీడీ ముట్టించాడు.

ఆ గదిలో ఆమె ఎన్నో ఏళ్ళు కూర్చుంది. ప్యానెల్ మోత వింటూ సద్ది తింది, జ్వరంతోనూ పని చేసింది. ఈ పొద్దు ఆ గది పరాయిదిగా ఉంది. గుట్ట లైను ఆపేశారు కాబట్టి ఆ ప్యానెల్ మీద పచ్చ దీపం వెలుగుతోంది. బ్రేకర్ హ్యాండిల్‌కు ‘మనుషులు పనిలో ఉన్నారు’ అన్న బోర్డు వేలాడుతోంది. కిటికీలోంచి వేడిగాలి దుమ్మును మోసుకొచ్చి బల్ల మీద పోస్తోంది. బయట ఎండలో, వానలేక ఎండిన వేరుసెనగ చేలూ గుట్టా తప్ప ఏమీ కనబడవు. గుట్ట పైన గాలిమరల రెక్కలు మాత్రం తిరుగుతున్నాయి.

ఆమె యథాలాపంగా ప్యానెల్ మీటరు వైపు చూసింది. కరెంటు లేని లైను. ముల్లు సున్నా మీద పడి ఉండాలి. అది సున్నా దగ్గరే సన్నగా వణుకుతోంది. వేలితో అద్దం మీద తట్టింది. ఆగలేదు. పాత మీటరు, దాని మొహం, అనుకుంది గానీ మళ్ళీ ఒకసారి తట్టింది.

“మీటరును కొడితే మాట్లాడతాదా?”

వనజాక్షి ఉలిక్కిపడి తిరిగింది. గుమ్మంలో మారెక్క నిలబడి ఉంది. సుంకప్ప భార్య. చంకలో గుడ్డసంచి, చెప్పుల్లేని కాళ్ళకు ఎర్రదుమ్ము.

“నువ్వు ఆడికి పోలేదా మారెక్కా? అందరూ నీకోసం చూస్తాంటారు.”

“ఆడికి ఏంటికి పోవల్ల? ఆడ ఆయన సచ్చిపోయినాడు, అంతే. జరిగేదంతా ఈడనే జరిగినాది. అది చూద్దామని వచ్చినా.”

మారెక్క గోడ వారగా నేల మీద కూర్చుంది. కుర్చీ చూపిస్తే వద్దని చేయి ఊపింది. తిట్టడానికి వచ్చిందేమో అనుకుంది వనజాక్షి. తిట్టినా బాగుండేది. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. గదిలో ఉన్న దీపాలను, మీటర్లను, బల్ల మీద సన్నగా గురగురమంటున్న సెట్టును ఒక్కొక్కటే చూసింది. సంతలో గొర్రెను కొనేముందు చూసే చూపు అది.

“దీంట్లోనేనా మాట్లాడినాడు?”

“దీంట్లోనే.”

“నువ్వు విన్నేది నాకు చెప్పు.”

“చెప్పినా గదా మారెక్కా, అందరికీ చెప్పినా. దిగినాను, లైన్ ఇచ్చుకో వనజమ్మా అన్నాడు.”

“మాట కాదు. మాట ఊరంతా అనుకుంటాండారు. గొంతు చెప్పు. ఎట్లన్నాడో అట్లే అను.”

ఇన్ని రోజుల్లో ఈ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. వనజాక్షి ఆ మధ్యాహ్నాన్ని గుర్తు చేసుకుని, ఛాతీ నిండా గాలి పీల్చి, గట్టిగా, మాట చివర సాగదీస్తూ అంది. “దిగినానూ. లైన్ ఇచ్చుకో వనజమ్మా.”

గదిలో ఆ మాట మోగి ఆగింది. బయట బీడీ తాగుతున్న ఆపరేటర్ కిటికీ వైపు చూసి, గబగబా తల తిప్పుకున్నాడు.

“అంత గట్టిగానా?” అంది మారెక్క.

“అంతే గట్టిగా. సెట్టు చెవికి దూరం పెట్టుకున్నా. ధర్నాలో అరిచినట్లే ఉండె.”

మారెక్క చేతులు సంచి మీద ఆగిపోయాయి.

“ఆ దినం ఆయనకు గొంతే లేదు వనజమ్మా.”

“ఏమంటాండావు?”

“ధర్నా నడిచినన్ని దినాలు అనంతపురంలో ఆఫీసు ముందర అరిచినాడు గదా. చేతి తొడుగులు ఇయ్యండి, ఎర్తు రాడ్లు ఇయ్యండి అని. మైకు ఇయ్యలేదంట పోలీసోళ్ళు. వట్టి గొంతుతోనే అరిచినాడు. ఇంటికొచ్చేసరికి గొంతు కట్టుకుపోయినాది. ఏమన్నా చెప్పల్లంటే చెవి కాడికొచ్చి గుసగుస, అదీ బొంగురుగా, సగం గాలే. ఆ పొద్దు సద్ది కట్టిచ్చేటప్పుడు ఉప్పు చాలదని చెప్పబోయి, మాట తెగక చేత్తో చూపిచ్చినాడు. నవ్వొచ్చి నేను నవ్వినా గూడా.”

వనజాక్షి కుర్చీలో కూలబడింది. ధర్నా రోజుల్లో ఆమె ఊళ్ళో లేదు. చెల్లెలి కాన్పుకని సెలవు పెట్టి పోయి, సరిగ్గా ఆ పొద్దునే డ్యూటీకి వచ్చింది. సుంకప్ప గొంతు పోయిన సంగతి ఆమెకు చెప్పినవాళ్ళు లేరు.

“ఇన్ని దినాలు ఎవరికీ చెప్పలేదే మారెక్కా?”

“ఎవరడిగినారు? వచ్చినోళ్ళంతా ఆయన వయసెంత, పిల్లోళ్ళెంతమంది అనడిగి పోయినారు. గొంతెట్లుండె అని ఎవరన్నా అడిగితే గదా చెప్పేది.”

వనజాక్షికి ముందు వచ్చింది ఏడుపు. దుఃఖంతో కాదు, తేలికపడి. తను గొంతు విన్నది, అది పిచ్చి కాదు, భ్రమ కాదు. అంత గట్టిగా మాట్లాడింది సుంకప్ప కాదు, ఇంకెవరో. కళ్ళు తుడుచుకుంటూనే ఆమెకు ఇంకొకటి తట్టింది. ఆ తట్టినదానితో ఆ తేలిక కాస్తా ఎగిరిపోయింది.

“పొద్దున లైన్ క్లియర్ అడిగింది గూడా ఆ గొంతే,” అంది మెల్లిగా.

“అంటే?”

“అంటే, ఎక్కేటప్పుడు అడిగిందీ ఆయన కాదు, దిగినానని చెప్పిందీ ఆయన కాదు. ఎవరో ఆయనకు గొంతు అప్పిచ్చినారు మారెక్కా.”

ఈ గొంతు అప్పివ్వడం అనేది లైన్‌మన్‌ల మధ్య ఉన్న ఒక వాడుక. మే డే నాడు బ్రాంచి స్టేజీ మీద ఒకరి గొంతు ఒకరు అచ్చుగుద్దినట్టు దించి నవ్వించేవాళ్ళు. అక్కడితో ఆగితే పీడా లేదు. తీసుకున్నవాడే తిరిగి ఇవ్వాలన్న రూలు ఒకటుంది కదా. వాడు చేలోకి నీళ్ళు తాగడానికి పోయినా, బండి మీద ముందుకు వెళ్ళిపోయినా, పక్కనున్నవాడు వాడి గొంతుతో సెట్టులో ‘దిగినాను’ అనేసేవాడు. పని తొందరగా అయిపోతుంది, ఆపరేటర్‌కూ రూలు ప్రకారం జరిగినట్టే ఉంటుంది. ఒకరి కోసం ఒకరు చేసుకునే సాయం అనుకున్నారే గానీ తప్పనుకోలేదు. వనజాక్షికి కూడా ఒకటి రెండు సార్లు అనుమానం వచ్చింది. మనవాళ్ళే కదా అని ఊరుకుంది. ఊరుకున్నందుకు ఇప్పుడు తన మీద తనకే ఒళ్ళు మండింది.

ఆ నాడు సుంకప్పతో గుట్టకు పోయింది ఇద్దరే. ఒకడు తిప్పేష్, పాతికేళ్ళ లైన్‌మన్. వాడు స్తంభానికి బిగించే పింగాణీ సామాను తేవడానికి బండేసుకుని ఊళ్ళోకి పోయాడు. ఆ సేపు ఊళ్ళో టీకొట్టు దగ్గర వాణ్ణి చూసినవాళ్ళు బోలెడుమంది. మిగిలింది ఒకే ఒకరు.

అప్పుడే సెట్టు గరగరమంది.

“నల్లరాళ్ళపల్లి, నల్లరాళ్ళపల్లి. వనజా, వినపడతాండాదా?”

బ్రాంచి ప్రెసిడెంటు ఓబులేసు గొంతు అది. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, ఊళ్ళో ఎవరికి ఏ కష్టం వచ్చినా ముందుండే మనిషి. సస్పెన్షన్ కాగితం వచ్చిన రోజున వనజాక్షి ఇంటికొచ్చి, ‘నీ వెనక నేనుండా, బ్రాంచి ఉండాది, దిగులు పడొద్దు’ అని తల మీద చేయి పెట్టింది ఆయనే.

“వినపడతాండాది ఓబులేసన్నా,” అంది వనజాక్షి.

“మేమంతా గుట్ట మీద నిలబడుకోనుండాం. తిప్పేషు స్తంభం ఎక్కినాడు. వాని కాడ గూడా సెట్టుండాది. మారెక్క ఇంకా రాలేదు. పొద్దు దాటుతాంది, మొదలు పెడదామా?”

“మారెక్క ఈడుండాది. నా పక్కనే.”

వనజాక్షి సెట్టును ఇంకా దగ్గరికి లాక్కుంది.

“మొదలుపెట్టే ముందర ఒక మాట చెప్పన్నా,” అంది వనజాక్షి. బల్ల అంచును గట్టిగా పట్టుకుంది. “ఆ పొద్దు సుంకప్పన్నకు గొంతు లేదు. మారెక్క చెప్పినాది. మరి నాతో మాట్లాడిన గొంతు ఎవరిదన్నా?”

సెట్టు గురగురమంటూ ఉండిపోయింది. గుట్ట మీద బ్రాంచివాళ్ళంతా ఆ ప్రశ్న విని ఉంటారు. మారెక్క నేల మీద నుంచి లేచి బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

“నేనే వనజా,” అన్నాడు ఓబులేసు.

అంతే. ఇన్ని వారాలు ఆమెను నమిలి పారేసిన ప్రశ్నకు జవాబు రెండు మాటల్లో వచ్చింది.

“వాడు గొంతు పట్టుకోని సైగ చేసినాడు, నువ్వే అడుగన్నా అని. బ్రాంచి కోసం పోగొట్టుకున్న గొంతు గదా వనజా. వాని గొంతుతోనే అడిగినా. మల్ల వాని గొంతుతోనే చెప్పినా. గొంతు అప్పిచ్చినానని తెలిస్తే తప్పంతా సుంకప్ప మీద ఏస్తారు, మొగుడు పోయినందుకు మారెక్కకు ఇయ్యాల్సిన ఉద్యోగం ఎగ్గొడతారు అని నోరు మూసుకుంటి.”

“నా మీద ఏసినారు గదన్నా,” అంది వనజాక్షి. ఆమె అరవలేదు. అరిచే ఓపిక కూడా లేదు. “నేను మనిషిని సంపినానని నాకు నేనే నమ్మేసినా. నా తల మీద చెయ్యి పెట్టి, నీ వెనక ఉండానంటివే. ఎట్ల పెట్టినావన్నా ఆ చెయ్యి?”

ఓబులేసు ఏడుస్తున్నాడు. సెట్టు బటన్ నొక్కి పట్టుకున్నట్టున్నాడు, ఆ ఏడుపు అలాగే వినిపించింది. మారెక్క ఆ సెట్టు వైపు చూస్తూ, “ఉద్యోగం నేనడిగినానా?” అంది. ఆ మాట అవతలికి పోలేదు.

“ఈ సాయంత్రం మీటింగులో అందరి ముందరా చెప్తా,” అన్నాడు ఓబులేసు కాసేపటికి. “ఏ శిక్ష ఏసినా పడతా. కానీ వనజా, ఒక్కటి మాత్రం నమ్ము. నేను చూడకుండా చెప్పలేదు.”

“ఏం చూసినావు?”

“దిగినాడు. నా కండ్లతో చూసినా. నేను గుట్ట మీద ఇంకో స్తంభం కాడ ఉండా. వాడు దిగి, స్తంభం కింద నిలబడుకోని, ఎర్ర టవలు తలకు సుట్టుకోని, నా పక్క చూసి చెయ్యెత్తినాడు. అది చూసినంకనే నా సెట్టులో చెప్పినా. ఆ మీదట పైకి చూస్తే…”

ఆయన ముగించలేదు. ముగించక్కర్లేదు, పైకి చూస్తే ఏం కనబడిందో అందరికీ తెలుసు.

“మీటింగులో గూడా ఈ మాటే చెప్తావా అన్నా?” అంది వనజాక్షి. ఆమెకు నమ్మకం కలగలేదు. తప్పు చేసినవాడు తన మనసును సమాధానపరచుకోవడానికి అల్లుకున్న కథలా ఉంది.

పక్కన మారెక్క గుడ్డసంచి ముడి విప్పుతోంది. లోపలి నుంచి మడత పెట్టిన ఒక ఎర్ర టవలు తీసి బల్ల మీద పెట్టింది. యూనియన్ టవలు. అంచు మీద బ్రాంచి పేరు కుట్టి ఉంది.

“ఆ పొద్దు ఇది ఇంట్లోనే ఉండె. ధర్నాలో మురికైనాదని నేనే ఉతికి ఆరేసినా. ఒట్టి తలతో పోయినాడు. ఇది ఆయన మీదికి కప్పల్లని ఎతికినా దొరకలే ఆ గలాటాలో. ప్లేయరుతో పాటు స్తంభం కాడ పెట్టమని నీ చేతికి ఇద్దామని తెచ్చినా.”

వనజాక్షి ఆ టవలు మీద వేళ్ళు పెట్టింది. ఉతికి, ఎండకు ఆరి, ఇన్ని రోజులు పెట్టెలో ఉన్న గుడ్డ. ఓబులేసుకు అబద్ధం చెప్పాలనుంటే ఇంకేదైనా చెప్పేవాడు. పొద్దునంతా ఒట్టి తలతో తన పక్కనున్న మనిషికి, ఊళ్ళో ఆరేసిన టవలును ఎందుకు చుడతాడు?

మీటరు ముల్లు వణకడం ఆపి, సున్నాకు కాస్త పైకి లేచి నిలబడింది.

“పోనీ వనజా, ముందు వాణ్ణి దించుదాం,” అంటున్నాడు ఓబులేసు. గొంతు సవరించుకుని, సెట్టులోనే గట్టిగా పిలిచాడు. “సుంకప్పా, పని అయిపోయినాది. దిగి రా నాయనా.”

గుట్ట మీద మిగతావాళ్ళు కూడా పిలిచారు. ఆ పిలుపు గాలిలో చెదిరి, గాలిమరల చప్పుడుతో కలిసి సెట్టులోకి వచ్చింది. మారెక్క కళ్ళు మూసుకుంది.

తర్వాత ఓబులేసు గొంతు మళ్ళీ వచ్చింది. ఈసారి అందులో ఏడుపు లేదు. ఏదో సంతోషం ఉంది, అది వింటే భయం వేసింది.

“వనజా, దిగినాడు. స్తంభం కింద నిలబడుకోనుండాడు. ఎర్ర టవలు సుట్టుకోనుండాడు. చెయ్యెత్తినాడు వనజా, ఆ పొద్దు ఎత్తినట్లే. దిగినాడు. లైన్ ఇచ్చుకో.”

ఎన్నో ఏళ్ళ అలవాటు. ‘లైన్ ఇచ్చుకో’ అన్న మాట చెవిన పడగానే వనజాక్షి కుడిచేయి తనకు తెలియకుండానే లేచి హ్యాండిల్ మీదికి పోయింది. బోర్డు పక్కకు జరిగింది. అక్కడ ఆగింది ఆమె. ఎందుకు ఆగిందంటే, బల్ల మీద ఎర్ర టవలు కనబడింది. ఇది ఇక్కడుంటే, అక్కడ చుట్టుకున్నది ఏమిటి?

“తిప్పేషు దిగినాడా అన్నా?”

“దిగినాడు వనజా, సుంకప్ప దిగినాడు.”

“సుంకప్పన్నను అడగలే నేను. తిప్పేష్, ఓ తిప్పేష్. యాడుండావప్పా? నీ నోటితో నువ్వు చెప్పు.”

సెట్టు ఒకసారి గరగరమంది.

“ఇంకా పైనే ఉండా అక్కా,” అన్నాడు తిప్పేష్. “కటింగ్ ప్లేయరు దిగలేదు. తాడు చిక్కుకోనింది, తీస్తాండా. నువ్వు పిలిచేదాక రెండు చేతులూ వైరు మీదనే ఉండె. ఏమైనాది?”

వనజాక్షి హ్యాండిల్ మీద నుంచి చేయి తీసింది. ఇంకొక్క క్షణం ఆగకుండా ఉంటే, తిప్పేష్ కూడా సుంకప్ప పోయినట్టే పోయేవాడు. అదే స్తంభం, అదే చేయి. ఆమె ఎర్ర టవలు అందుకుని బ్రేకర్ హ్యాండిల్ చుట్టూ తిప్పి, గట్టిగా ముడి వేసింది. మారెక్క రెండో కొస పట్టుకుని తను కూడా ఒక ముడి వేసింది.

“ఓబులేసన్నా, ఈ లైను నేనియ్యను,” అంది వనజాక్షి సెట్టులో. “తిప్పేషు నేల మీదికొచ్చి, గుట్టెక్కి, నీ పక్కన నిలబడి మాట్లాడేవరకూ ఎవరు చెప్పినా ఇయ్యను. వింటాండావా?”

సెట్టు గురగురమంది. ఆ గురగురలోంచి, ఎంతో కష్టపడి పైకి తోసుకొస్తున్నట్టు, ఒక మాట వచ్చింది. బొంగురు. సగం గాలే.

“దిగలేదు… నేను దిగలేదు వనజమ్మా…”

అది ఓబులేసు దించగలిగిన గొంతు కాదు. మే డే స్టేజీ మీద ఎవరూ దించిన గొంతు కాదు. ఆ గొంతు ఎట్లా ఉంటుందో వనజాక్షికి తెలియదు. తెలిసిన మనిషి పక్కనే నిలబడి ఉంది. మారెక్క చేయి వనజాక్షి మణికట్టును పట్టుకుంది. పట్టు నొప్పి పుట్టేంత గట్టిగా ఉంది.

“ఇదే,” అంది మారెక్క. ఇన్నాళ్ళుగా రాని ఏడుపు ఆమెకు అప్పుడు వచ్చింది. “ఇదే ఆయన గొంతు. ఉప్పు చాలదని చెప్పల్లని చూసినాడు చూడు, ఇదే.”

ఆమె సెట్టు ముందుకు వంగి ఏదో చెప్పబోయింది. మొగుడి గొంతు కోసం ఇంత దూరం నడిచి వచ్చిన మనిషి, తీరా ఆ క్షణం వచ్చేసరికి ఏం మాట్లాడాలో తెలియక నిలబడిపోయింది. ఆఖరుకు, “ఇంకా పైనే ఉండావా?” అని మాత్రం అడిగింది.

ఆ ప్రశ్న వెనకే తిప్పేష్ గొంతు వచ్చింది. ఎవరికో వినపడకూడదన్నట్టు చాలా మెల్లిగా మాట్లాడుతున్నాడు.

“అక్కా, ఇప్పుడు మాట్లాడింది సుంకప్పన్నే గదా? నాకు గూడా వినపడినాది, సెట్టులో కాదు, నా పక్కనే. ఆయప్ప నాతో పాటు పైనే ఉండాడక్కా. గుట్ట మీదోళ్ళందరూ గుట్ట మీదనే ఉండారు, లెక్క పెట్టుకున్నా.”

“ఆ, చెప్పు తిప్పేష్.”

“మరి స్తంభం కింద చెయ్యెత్తి నన్ను దిగు దిగు అంటాండేది ఎవరక్కా?”